పెద్దమనుషుల మాట ఎందుకు చెల్లడం లేదు?

ఊరి ముచ్చట: పాఠకుల ప్రశ్నలు, మా జవాబులు

ఈసారి దేవరకొండ నుంచి వనపర్తి దాకా వచ్చిన ఉత్తరాల్లో చాలావాటిది ఒకటే గోడు: ఊళ్లో ఎవరి మాటా ఎవరూ వినడం లేదు. వాటిలో ఆరు ఉత్తరాలకు ఇక్కడ జవాబులు ఇస్తున్నాం. మనుషుల పేర్లు, ఊళ్ల పేర్లు తీసేశాం.

ప్రశ్న: మా నాయిన కాలంల రచ్చకట్ట మీద నలుగురు పెద్దమనుషులు కూసుంటే పొద్దుమీకే లోపల పంచాయితీ తెగేది. ఇప్పుడు గెట్టు కాడ మాటా మాటా అనుకున్నా తెల్లారేసరికి ఠాణాల ఉంటున్నరు. పెద్దలంటే భయం లేదు, భక్తి లేదు. పాత కట్టుబాటు మళ్ల రావాలంటే ఏం జెయ్యాలె?
– దేవరకొండ ప్రాంత రైతు, 68 ఏళ్లు

జవాబు: అయ్యా, పాత కట్టుబాటు అని మీరు ఒక్క మాటలో అన్నదాంట్లో నాలుగు పెత్తనాలు కలిసి ఉన్నాయి. నాలుగూ ఒకే కాలంలో పోలేదు, ఒకే కారణంతో పోలేదు. విడదీసి చూడకపోతే, పోవాల్సినదాని కోసం కూడా ఏడుస్తాం.

మొదటిది గడీ పెత్తనం, అంటే కోటలాంటి ఇంట్లో కూర్చున్న దొర పెత్తనం. అది భయం మీద నిలబడింది. 1946 నుంచి 1951 దాకా సాగిన సాయుధ పోరాటంలో నల్లగొండ పల్లెల్లో ఆంధ్ర మహాసభ సంఘం బలపడింది, వెట్టి బందయింది, పంచాయితీలు గడీ ముందు నుంచి సంఘం చేతికి వచ్చాయి. దాని కోసం ఎవరూ కన్నీళ్లు పెట్టనక్కర్లేదు. రెండోది పటేల్, పట్వారీల పెత్తనం. మాలీ పటేల్ శిస్తు వసూలు చేసేవాడు, పోలీస్ పటేల్ ఊరి కాపలా చూసేవాడు, పట్వారీ చేతిలో పహాణీ, అంటే ఊరి భూమి లెక్క, ఉండేది. పహాణీ రాసే కలం తరతరాలుగా ఒకే ఇంట్లో ఉంటే ఏమవుతుందో మీ వయసు వాళ్లకు మేం చెప్పాల్సిన పని లేదు. 1984లో ఎన్టీ రామారావు ప్రభుత్వం ఆర్డినెన్సుతో ఆ కొలువులు తీసేసింది, 1985లో చట్టం చేసింది. తర్వాత వచ్చిన వీఆర్వో (గ్రామ రెవెన్యూ అధికారి) కొలువులు 2020లో రద్దయ్యాయి. 2025లో గ్రామ పాలనాధికారులు వచ్చారు. అంటే 40 ఏళ్లలో ఊరి భూమి లెక్క చేతులు మారుతూనే ఉంది. ఫలానా సర్వే నంబరు గెట్టు పాత చింతచెట్టు మొదట్లోంచి పోతుందని ఎరిగిన మనిషికీ, కాగితం రాసే మనిషికీ సంబంధం తెగిపోయింది. గెట్టు తగాదాలు ఠాణాకు ఎక్కడానికి పిల్లల్లో భక్తి తగ్గడం కన్నా ఇదే పెద్ద కారణమని మేం అనుకుంటున్నాం.

మూడోది కులపెద్దల పెత్తనం. దాని సంగతి మూడో ఉత్తరంలో వస్తుంది. నాలుగోదే మీరు నిజంగా పోగొట్టుకున్నది. ఏ కొలువూ లేకపోయినా నలుగురూ పిలిచి కూర్చోబెట్టే పెద్దమనిషి. ఆయన మాట చెల్లడానికి కారణాలు గట్టివి. తీర్పు చెప్పిన తెల్లారి ఇద్దరూ ఒకే బాయి కాడికి పోవాలి, నాటుకు ఒకరికొకరు బదులు పోవాలి, ఒకరి ఎడ్లు ఇంకొకరికి కావాలి. మాట తప్పితే బతుకు నడవదు. ఇప్పుడు ట్రాక్టరు కిరాయికి వస్తుంది, కోత మిషన్ గంట లెక్కన వస్తుంది, కొడుకులు హైదరాబాద్‌లో ఉంటారు. పక్కింటాయనతో పని లేనప్పుడు ఆయనతో రాజీ ఎందుకని అనిపిస్తుంది. ఇది ఎవరి దుర్మార్గమూ కాదు, బతుకుదెరువు మారింది.

అయితే మిగిలిన నమ్మకాన్ని తినేసింది మాత్రం డిపాజిట్. ముందు రెండు పక్షాలతో డబ్బు పెట్టించడం, తీర్పు ఒప్పుకోని వాళ్ల డబ్బు పోయినట్టేననడం, ఆ డబ్బుతోనే రాత్రికి మందు పార్టీ. ఒకప్పుడు మాట నిలబెట్టుకుంటారని పెట్టించిన చిన్న మొత్తం ఇప్పుడు లక్షల్లోకి పోయింది. పంచాయితీ చెప్పేవాళ్లకు దాంట్లో వాటా ఉందని తెలిశాక ఏ పిల్లవాడు వింటాడు? 1951 ఏప్రిల్ 18న పోచంపల్లిలో దళిత కుటుంబాలు వినోబా భావేను 80 ఎకరాలు అడిగితే వెదిరె రామచంద్రారెడ్డి తన భూమిలోంచి 100 ఎకరాలు ఇస్తానని నిలబడ్డారు. ఇప్పటికీ ఆ పేరు గౌరవంగా తలుస్తున్నామంటే ఆయన ఇచ్చాడు కాబట్టే. మీ ఊళ్లో మీరు చేయగలిగిన మొదటి పని, పంచాయితీకి డిపాజిట్ పెట్టించేది లేదని నలుగురు పెద్దలూ గ్రామసభలో చెప్పడం. 2018 పంచాయతీరాజ్ చట్టం ప్రకారం గ్రామసభ రెండు నెలలకోసారి పెట్టాలి. ఆ రోజు చెప్పండి, తీర్మానం పుస్తకంలో రాయించండి.

ప్రశ్న: నేను వార్డు సభ్యుడిని. చిన్న పంచాయితీలు ఊళ్లోనే తెంపుదామని ఉంది. చట్టం ఒప్పుతుందా? మేం రాసిన కాగితం చెల్లుతుందా? రేపు కేసు మా మీదికే వస్తే?
– కల్వకుర్తి వైపు నుంచి

జవాబు: ఒప్పుతుంది. కాకపోతే మీది తీర్పు కాదు, రాజీ. ఈ తేడా మరిచిన రోజే చిక్కు మొదలవుతుంది. శిక్ష వేసే అధికారం, జరిమానా వేసే అధికారం ఊరి పెద్దలకు లేవు. ఇద్దరూ ఒప్పుకుంటే వాళ్ల ఒప్పందాన్ని రాసిపెట్టే అధికారం అందరికీ ఉంది.

ముందు ఏవి ముట్టుకోకూడదో చెప్తాం. ఆడవాళ్ల మీద అత్యాచారం, పిల్లల మీద లైంగిక దాడి, బాల్యవివాహం, అనుమానంగా జరిగిన చావు, ఎస్సీ ఎస్టీల మీద అఘాయిత్యం, మేజర్ల పెళ్లి. ఇవి మీ గడప దగ్గరికి వస్తే కూర్చోబెట్టి మాట్లాడవద్దు. పిల్లల మీద లైంగిక నేరం జరిగిందని తెలిసీ పోలీసులకు చెప్పకపోవడమే పోక్సో చట్టం కింద నేరం, 6 నెలల దాకా జైలు పడుతుంది. డబ్బు మాట్లాడి దాచిపెడితే ఇంకా పెద్ద నేరం. బాల్యవివాహం అని తెలిస్తే 1098కి ఫోన్ చేయండి.

గెట్టు, బాట, నీళ్లు, పశువులు చేలో పడటం, చేబదులు, కూలి బాకీ, అన్నదమ్ముల వాటా, తిట్టుకోవడం, చిన్న కొట్లాట వంటివి మాట్లాడవచ్చు. అయితే కొట్లాటకు ఠాణాలో అప్పటికే కేసు నమోదైతే మీ కాగితంతో అది కొట్టుకుపోదు. రాజీకి వీలున్న సెక్షను అయితే ఇద్దరూ కోర్టులోనో లోక్ అదాలత్‌లోనో చెప్పుకోవాలి. “రాజీ అయింది, ఇక కోర్టుకు పోనక్కర్లేదు” అని పెద్దమనుషులు చెప్పడం, వాయిదాకు పోక వారెంటు రావడం మన దగ్గర మామూలైపోయింది.

2023లో వచ్చిన మధ్యవర్తిత్వ చట్టంలో మీలాంటి వాళ్ల కోసమే ఒక అధ్యాయం ఉంది. ఊళ్లో, వాడలో శాంతికి భంగం కలిగించే తగాదాను రెండు పక్షాల ఒప్పుదలతో సామాజిక మధ్యవర్తిత్వానికి ఇవ్వవచ్చు. ఆ అధ్యాయం అమల్లోకి వచ్చిందో లేదో ముందు న్యాయ సేవాధికార సంస్థలో అడగండి. వచ్చి ఉంటే, అక్కడే దరఖాస్తు పెడితే ముగ్గురు మధ్యవర్తులను నియమిస్తారు. ఊళ్లో మంచిపేరున్న మనిషికి ఆ ముగ్గురిలో చోటు ఉంటుంది, ఆడవాళ్లకు కూడా చోటు దొరికేలా చూడాలని చట్టమే చెప్తుంది. అక్కడ కుదిరిన ఒప్పందం మీద సంతకాలు అవుతాయి గానీ, అది కోర్టు డిక్రీ లాగా అమలు కాదు. మాట తప్పుతారన్న అనుమానం ఉంటే ఆ రాజీనే లోక్ అదాలత్‌కు తీసుకుపొండి. కేసు వేయకముందే పెట్టుకోవచ్చు, ఫీజు లేదు. లోక్ అదాలత్ అవార్డు కోర్టు డిక్రీతో సమానం, దాని మీద అప్పీలు లేదు. మండల, జిల్లా న్యాయ సేవా సంస్థల వివరాలకు 15100కి ఫోన్ చేయవచ్చు.

ఇక కాగితం సంగతి. చెడేది ఎక్కువగా ఇక్కడే. “ఎవరి వాటా వారికి ముట్టింది, ఇకముందు తగాదా లేదు” అని రాసిన కాగితం దేనికీ పనికిరాదు. ఏ సర్వే నంబరు, ఏ బై నంబరు, ఎన్ని ఎకరాల ఎన్ని గుంటలు, నాలుగు దిక్కులా ఎవరి భూమి, బాయి ఎవరి వాటాలోకి వచ్చింది, కరెంటు మోటరు ఎవరి పేరుతో ఉంది, బండ్ల బాట ఎన్ని అడుగులు వదిలారు, ఇవన్నీ రాయాలి. బాట వెడల్పు రాయకపోవడం వల్ల పుట్టే తగాదాలు గెట్టు తగాదాలకు తక్కువేం కాదు. ఎడ్లబండి పోయిన బాటలో ఇప్పుడు కోత మిషన్ పోవాలి. దానికి 12 అడుగులైనా కావాలి. ప్రతి పేజీ కింద రెండు పక్షాల సంతకాలు ఉండాలి. వేలిముద్ర వేసేవాళ్లుంటే చదివి వినిపించిన మనిషి పేరు, సంతకం పక్కనే ఉండాలి. తేదీ, చోటు, ఇద్దరు సాక్షులు తప్పదు. సాక్షులు మధ్యవర్తులే కాకూడదు. పంచాయితీ అయిన రోజే కాగితం రాయండి గానీ, సంతకాలు మర్నాడు పొద్దున పెట్టించండి. రాత్రి కోపంలోనో మొహమాటంలోనో పెట్టిన సంతకం నెల తిరగకుండానే అడ్డం తిరుగుతుంది.

అన్నదమ్ముల వాటాల్లో ఇంకో పెద్ద తప్పు, అక్కచెల్లెళ్లను పిలవకపోవడం. మన దగ్గర 1985 నుంచి పెళ్లికాని ఆడబిడ్డలకు, 2005 సెప్టెంబర్ 9 నుంచి దేశమంతటా ఆడబిడ్డలందరికీ పిత్రార్జితంలో కొడుకులతో సమానంగా హక్కు ఉంది. ఆ రోజుకు తండ్రి బతికి ఉన్నాడా లేడా అన్నదానితో పని లేదని సుప్రీంకోర్టు 2020 ఆగస్టులో తేల్చింది. “చీర, సారె పెట్టినం గదా” అంటే కోర్టు వినదు. ఆడబిడ్డ వదులుకుంటానంటే అది కూడా రిజిస్టర్ కావాలి. ఆమె లేకుండా రాసిన పంపకం కాగితం పదేళ్ల తర్వాత కూడా పడిపోతుంది. అప్పటికి ఆ భూమి మీద ఇల్లు కట్టి ఉంటారు.

మాట తీరులో కూడా చూసుకోవాలి. “ఈ కాగితం ద్వారా పంచుకుంటున్నాం” అని రాస్తే రిజిస్ట్రేషన్ లేనిదే చెల్లదు. “ఫలానా తేదీన నోటిమాటగా పంచుకున్నది గుర్తుగా రాసుకున్నాం” అన్నది జ్ఞాపిక కాగితం, దానికి రిజిస్ట్రేషన్ అక్కర్లేదని కోర్టులు చెప్పాయి. కానీ ఎవరి పాస్ బుక్కు వారికి రావాలంటే ఎట్లాగూ తహసీల్దార్ దగ్గర రిజిస్ట్రేషన్ కావాల్సిందే. సాదాబైనామాల గతి చూసినవాళ్లం మనం. తెల్ల కాగితం మీద నమ్మకంతో కొన్నవాళ్లు ఎన్నేళ్లుగా ఆఫీసుల చుట్టూ తిరుగుతున్నారో ఊరూరా తెలుసు. అప్పుడు ఆ కాగితం వెనక నలుగురు పెద్దమనుషులు ఉండేవాళ్లు. వాళ్లు పోయాక కాగితం ఒంటరిదైపోయింది.

ప్రశ్న: మా చెల్లె వేరే కులం అబ్బాయిని పెళ్లి చేసుకుంది. ఇద్దరూ మేజర్లే. కులపెద్దలు మా ఇంటికి తప్పు, అంటే జరిమానా, వేశారు. కట్టకపోతే మాతో ఎవరూ మాట్లాడొద్దు, చావుకు పెళ్లికి పోవద్దు అన్నారు. కట్టి ఊరుకుందామని నాయిన అంటున్నాడు.
– నారాయణపేట జిల్లా

జవాబు: కట్టవద్దు. ఒకసారి కడితే తప్పు చేసినట్టు ఒప్పుకున్నట్టే, వచ్చే ఏడు ఇంకొకరి ఇంటి మీద పడతారు. ఇద్దరు మేజర్ల పెళ్లికి అడ్డుపడే హక్కు ఏ కుల పంచాయితీకీ లేదని సుప్రీంకోర్టు 2018 మార్చి 27న తీర్పు చెప్పింది. అట్లాంటి జంటలకు రక్షణగా ప్రతి జిల్లాలో ప్రత్యేక విభాగం ఉండాలని కూడా ఆదేశించింది. బెదిరించి డబ్బు తీసుకోవడం భారతీయ న్యాయ సంహిత కింద నేరం. మీ చెల్లె గానీ, ఆమె భర్త గానీ ఎస్సీ, ఎస్టీ అయి, వెలివేసినవాళ్లు ఆ కులాలవాళ్లు కాకపోతే, 1989 అట్రాసిటీ చట్టం కింద వెలివేత కూడా నేరమే.

వాళ్లు ఏ తేదీన, ఎక్కడ కూర్చుని, ఎవరెవరు ఉండగా, ఎంత కట్టమన్నారో ఈ రాత్రే ఒక నోటుబుక్కులో రాయండి. వాట్సాప్ గ్రూపులో పెట్టిన మాటలు తీసేయకముందే ఫోటో తీసి పెట్టుకోండి. వెలివేసినట్టు ఊరంతా డప్పు కొట్టించి ఉంటే కొట్టిన మనిషి పేరు కూడా రాయండి గానీ, ఆయన మీద ఫిర్యాదు చేయవద్దు, ఆయనకు చెప్పిన వాళ్ల మీద చేయండి. భయం ఉంటే 112కు ఫోన్ చేయండి, ఆడవాళ్లకు న్యాయ సేవా సంస్థ ఉచితంగా వకీలును ఇస్తుంది. మీ నాయినకు ఒక మాట చెప్పండి: బిడ్డ తప్పు చేసిందని జరిమానా కట్టడం కన్నా, బిడ్డ ఇంటికి ఒకసారి పోయి రావడమే ఆ ఊళ్లో ఆయన మర్యాదను నిలబెడుతుంది.

ప్రశ్న: ఇద్దరు కొడుకులకు ఐదెకరాలు గిఫ్ట్ రాసిచ్చిన. నెలకొకరి దగ్గర ఉండమని పెద్దమనుషులు చెప్పిన్రు. పెద్దోని నెల 31 రోజులు వస్తే చిన్నోడు లెక్క అడుగుతడు. ఇప్పుడు ఇద్దరూ తలుపు తీస్తలేరు. నా భార్యకు షుగర్. ఎవలికి చెప్పుకోవాలె?
– మిర్యాలగూడ ప్రాంతం, 71 ఏళ్లు

జవాబు: పెద్దయ్యా, ఆర్డీవో దగ్గరికి పొండి. తల్లిదండ్రులు, వృద్ధుల పోషణ చట్టం 2007లో వచ్చింది. దాని కింద ట్రిబ్యునల్ ఆర్డీవో ఆఫీసులోనే ఉంటుంది. వకీలు అక్కర్లేదు. తెల్ల కాగితం మీద రాస్తే చాలు. మీరు రాయలేకపోతే మీ తరఫున వేరే వాళ్లు కూడా ఇవ్వవచ్చు.

అందులో ఏం రాయాలంటే: మీ ఇద్దరి పేర్లు, వయసు, ఆధార్, కొడుకులు ఇద్దరి పూర్తి చిరునామా, ఏం పని చేస్తారు, సుమారు ఎంత సంపాదిస్తారు. బిడ్డలు ఉంటే వాళ్ల పేర్లు కూడా రాయాలి, ఎందుకంటే చట్టంలో కొడుకులతో పాటు కూతుళ్లకూ బాధ్యత ఉంది. నెలకు మీకయ్యే ఖర్చు విడివిడిగా వేయండి: బియ్యం సరుకులకు ఎంత, షుగర్ మందులకు ఎంత, కిరాయి ఉంటే ఎంత. మందుల చీటీలు, బిల్లులు జతచేయండి. ఊరికే “నెలకు పదివేలు ఇప్పించండి” అని రాసేవాళ్లకు తక్కువ వస్తుంది, లెక్క చూపినవాళ్లకు దగ్గరగా వస్తుంది. పోషణ మొత్తానికి నెలకు 10,000 రూపాయలు పైహద్దు. నోటీసు అందిన నాటి నుంచి 90 రోజుల్లో తేల్చాలి, తప్పనిసరైతే ఇంకో 30 రోజులు. అప్పటిదాకా మధ్యంతరంగా కొంత ఇప్పించమని అదే కాగితంలో అడగండి. ఆర్డరు వచ్చాక డబ్బు ఇవ్వకపోతే ఊరుకోవద్దు. బాకీ పడ్డ మూడు నెలల లోపల మళ్లీ దరఖాస్తు ఇస్తేనే వారెంటు వేస్తారు, నెల దాకా జైలుకు పంపవచ్చు. ఆ మూడు నెలలు చూస్తూ కూర్చుని పోగొట్టుకునే వాళ్లే ఎక్కువ.

భూమి సంగతి ఇంకా ముఖ్యం. ఇదే చట్టం 23వ సెక్షన్ ప్రకారం, చూసుకుంటామన్న షరతు మీద రాసిచ్చిన ఆస్తిని, చూసుకోకపోతే రద్దు చేయవచ్చు. మీ గిఫ్ట్ కాగితంలో ఆ షరతు ఉందో లేదో చూడండి. షరతు ఉండాల్సిందేనని సుప్రీంకోర్టు 2022 డిసెంబర్‌లో చెప్పింది. 2025 జనవరిలో ఇంకో కేసులో, గిఫ్ట్‌తో పాటు అదే రోజు కొడుకు విడిగా రాసిచ్చిన హామీ కాగితాన్ని కూడా లెక్కలోకి తీసుకుని, గిఫ్ట్ రద్దు చేసి తల్లికి ఆస్తి తిరిగి ఇప్పించింది. అందుకని మీ ఇంట్లో, పెద్దమనుషుల దగ్గర ఉన్న కాగితాలన్నీ వెతకండి. నెలనెలా పోషణ గురించి పెద్దమనుషులు రాయించిన ఆ ఒప్పందం కాగితం కూడా తీసుకుపొండి. వాళ్ల మాట కొడుకులు వినకపోవచ్చు, ఆ కాగితం ఆర్డీవో చూస్తాడు. ఎటూ తోచకపోతే వృద్ధుల హెల్ప్‌లైన్ 14567.

ఇది చదువుతున్న మిగతా వాళ్లకు: ఇంకా రాసివ్వని వాళ్లుంటే, గిఫ్ట్ డీడ్‌లో ఈ మాటలు పెట్టించండి. “దాతకు, ఆయన భార్యకు జీవితకాలం కూడు, గుడ్డ, ఉండటానికి చోటు, వైద్యం గ్రహీత చూడాలి. చూడని పక్షంలో ఈ డీడ్ రద్దు చేసుకునే హక్కు దాతకు ఉంది.” డాక్యుమెంట్ రైటర్లు పాత నమూనా మీద రాస్తూ ఇది వదిలేస్తారు. చదివి వినిపించమని అడగండి. ఎంత ప్రేమ ఉన్నా ఒకట్రెండు ఎకరాలు మీ పేరునే ఉంచుకోండి.

ప్రశ్న: మా చెరువు కింద 200 ఎకరాల ఆయకట్టు. నీరటి ఉన్నప్పుడు చివరి మడికి కూడా నీళ్లు అందేవి. ఇప్పుడు ఎత్తిపోతల నీళ్లతో చెరువు నిండుతున్నా తూము దగ్గరోళ్లే తోడుకుంటున్నారు. షట్టర్ హ్యాండిల్ ఒకాయన ఇంట్లో పెట్టుకున్నాడు. ఎట్లా?
– వనపర్తి జిల్లా రైతులు

జవాబు: నీరటి ఏం చేసేవాడో ముందు గుర్తు చేసుకుందాం. చెరువులో నీళ్లు చూసి ఎన్ని ఎకరాలకు యాసంగి పారుతాయో ఊరు తైబందీ పెట్టుకునేది. ఆ లెక్క దాటి ఎవరు నాటేసినా నీరటి నీళ్లు వదిలేవాడు కాదు. తూము గడ ఆయన చేతిలోనే ఉండేది. ఆయన కూలి కల్లం దగ్గర ప్రతి రైతూ కుంచాలతో కొలిచి ఇచ్చేవాడు, చివరి మడి రైతు కూడా ఇచ్చేవాడు. అందుకే చివరి మడి తడవాల్సిన అవసరం నీరటికీ ఉండేది. ఇప్పుడు హ్యాండిల్ ఉన్నాయనకు ఆ అవసరం లేదు. మీ చిక్కంతా అదే.

తైబందీ మళ్లీ లెక్కతో పెట్టుకోండి. యాసంగి వరికి నాటు నుంచి కోత దాకా మోటుగా 1,200 మిల్లీమీటర్ల నీళ్లు అనుకుందాం. ఎకరా 4,047 చదరపు మీటర్లు కాబట్టి ఎకరాకు సుమారు 4,850 ఘనపు మీటర్లు. చెరువులో పది లక్షల ఘనపు అడుగులు అంటే 28,300 ఘనపు మీటర్లు. కాగితం మీద 5.8 ఎకరాలు వస్తాయి గానీ ఎండకు ఆవిరయ్యేవి, కాలువలో ఇంకేవి, పశువులకు మిగల్చాల్సినవి తీసేస్తే 4 ఎకరాలకు మించి ఒప్పుకోవద్దు. అంటే డిసెంబర్ ఆఖరుకు చెరువులో 3 కోట్ల ఘనపు అడుగులు ఉంటే వరి 120 ఎకరాలే. మిగిలిన 80 ఎకరాల వాళ్లను ఎండబెట్టకూడదు. వేరుశనగకు ఎకరాకు 500 నుంచి 600 మిల్లీమీటర్లు చాలు. ఎకరా వరి నీళ్లతో రెండెకరాల పల్లి పండుతుంది. అందరూ తలా ఇంత వరి తగ్గించుకుని మిగతాది పల్లి వేస్తే 200 ఎకరాలూ పారుతాయి: 40 ఎకరాల వరి, 160 ఎకరాల పల్లి అయితే మొత్తం 120 ఎకరాల వరి నీళ్లే అవుతాయి. ఐదెకరాల రైతుకు ఎకరం వరి, నాలుగెకరాల పల్లి. ఈ సంఖ్యలు చెరువుకు తగ్గట్టు మార్చుకోండి. నీళ్లెన్ని ఉన్నాయో నీటిపారుదల శాఖ ఏఈని అడగండి, కట్ట మీద అడుగుల గుర్తులున్న బండతో సరిచూసుకోండి.

ఇక వరుస. ఒక తూము కింద 58 ఎకరాల వరి ఉందనుకోండి. ఏడు రోజుల వరుస పెడితే ఒకే రైతుకు ఎప్పుడూ రాత్రి రెండు గంటలకే నీళ్లు వస్తాయి, మూడోసారికి ఆయన కాలువ తెంపుతాడు. ఏడున్నర రోజులు పెట్టండి. అది 180 గంటలు, ఈసారి రాత్రి వచ్చినాయనకు వచ్చేసారి పగలు వస్తుంది. ఎండిన కాలువ తడిసి నీరు చివరికి చేరడానికి 6 గంటలు పక్కన పెడితే 174 గంటలు మిగిలాయి. ఎకరాకు సరిగ్గా 3 గంటలు, గుంటకు నాలుగున్నర నిమిషాలు. ఆ 6 గంటలు ఎవరి వంతులోనూ వేయవద్దు. వేస్తే చివరి రైతు మునుగుతాడు. తూములోంచి సెకనుకు 30 లీటర్ల పైన, అంటే క్యూసెక్కు కన్నా కొంచెం ఎక్కువ వస్తేనే ఈ లెక్క సరిపోతుంది. చెల్క నేలలో ఏడున్నర రోజులు తడి ఆగదు. అక్కడ మూడున్నర రోజుల వరుస పెట్టుకోండి, రాత్రి పగలు మారడం అట్లాగే ఉంటుంది.

వరుస చివరి మడి నుంచి మొదలుపెట్టి తూము వైపు రావాలి. తూము దగ్గరి పొలాలు ఊట నీళ్లతో కూడా తడుస్తాయి, ఆగగలవు. పేరు, ఎకరాల గుంటలు, మొదలు గంట, ముగిసే గంట పెద్ద అక్షరాలతో తూము పక్క గోడ మీద రంగుతో రాయించండి. ఫోన్లో ఉన్న పట్టిక మీద తగాదా వస్తుంది, గోడ మీద ఉన్నదాని మీద రాదు.

హ్యాండిల్ పంచాయతీ ఆఫీసులో పెట్టండి. నీళ్లు వదిలే మనిషిని రైతులే పెట్టుకోండి, జీతం ఎకరాల లెక్కన అందరి నుంచీ పోగుచేయండి. సగం నాట్లప్పుడు, సగం కోతయ్యాక, చివరి పది మడుల రైతులు నీళ్లు అందాయని సంతకం పెట్టిన తర్వాతే. ఆ సంతకమే పాత కల్లం కుంచం చేసిన పని చేస్తుంది. షట్టర్ మరకు ఏటా రెండుసార్లు గ్రీజు పెట్టించండి. తుప్పు పట్టి సగంలో ఇరుక్కున్న షట్టర్‌ను గొడ్డలి కామతో తిప్పబోయి మర పళ్లు విరిగితే ఆ యాసంగి మొత్తం పోతుంది.

ప్రశ్న: వచ్చే ఏడు మా ఊళ్లో బొడ్రాయి పండుగ. ఇంటికి ఇంత అని చందా పెడితే పట్నంలో ఉన్నవాళ్లు మాకేం సంబంధం అంటున్నారు. గత పండుగ లెక్క ఇప్పటికీ తేలలేదు. ఊరు రెండుగా చీలేట్టుంది.
– మునుగోడు ప్రాంతం

జవాబు: పాత లెక్క తేల్చకుండా కొత్త చందా అడగవద్దు. ఎవరి దగ్గర ఎంత మిగిలిందో, రశీదులు ఉన్నవి లేనివి, ఉన్నది ఉన్నట్టు గ్రామపంచాయతీ గోడకు అంటించండి. కొంత పోయిందని ఒప్పుకుంటే ఊరు తిట్టి వదిలేస్తుంది. దాచితే రూపాయి కూడా రాదు.

చందా రెండు రకాలు పెట్టండి. ఊళ్లో పొయ్యి వెలిగే ప్రతి ఇంటికీ ఒకే చిన్న మొత్తం, అది అందరికీ తప్పనిసరి. రెండోది ఇష్టపూర్తిగా ఇచ్చేది, పట్నంలో ఉన్నవాళ్లను దాంట్లో అడగండి. డబ్బు అడిగే ముందు వాళ్ల ఆడబిడ్డలను పండుగకు పిలవండి. పిలుపు లేని ఇంటికి చందా చీటీ పంపితే ఎవరికైనా కోపమే వస్తుంది. ఖాతా బ్యాంకులో ముగ్గురి పేరు మీద తెరిచి, ఇద్దరి సంతకాలు ఉంటేనే డబ్బు తీసేలా పెట్టండి. ముగ్గురిలో ఒకరు మహిళా సంఘం నుంచి ఉండాలి. పొదుపు పుస్తకాలు ఏళ్లుగా రాస్తున్నది వాళ్లే కాబట్టి లెక్క చక్కగా ఉంటుంది.

పొలి చల్లేటప్పుడు, బోనాలు పోయేటప్పుడు ఏ వాడ ముందు, ఏ వాడ వెనక అన్నది ముందే కూర్చుని మాట్లాడుకోండి. డప్పు కొట్టించుకుని, పని చేయించుకుని, బొడ్రాయి దగ్గరికి మాత్రం రావద్దనే మాట ఎక్కడ వచ్చినా అక్కడే ఆపండి. డీజే పెడితే రాత్రి 10 నుంచి పొద్దున 6 దాకా బంద్ అన్నది 2000 నాటి శబ్ద నియమాల్లోనే ఉంది, పండుగ పత్రిక మీదే అచ్చు వేయించండి. పండుగ అయిన పదిహేను రోజుల్లో లెక్క గోడకెక్కాలి. ఆ తేదీ కూడా అదే పత్రిక మీద ఉండాలి.